ఆయ్ అన్నందుకు ఆరు వేలు

పని చెయ్యడం నాకు వచ్చు. ధర చెప్పడమే రాదు. ఇరవై ఏళ్లు రాజోలులో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర వైరింగు పనికి వెళ్లాను. ధరలన్నీ ఆయన చెప్పేవారు, నేను నిచ్చెనెక్కేవాణ్ణి. పోయిన ఏడాది లైసెన్సు తెచ్చుకుని, ‘ఎలీషా ఎలక్ట్రికల్స్’ అని బోర్డు రాయించుకుని సొంతంగా మొదలుపెట్టాక తెలిసింది, ఆ రెండింట్లో నిచ్చెనెక్కడమే సులువని.

ఫ్యాను బిగించి కిందికి దిగగానే "ఎంతిమ్మంటారండీ?" అని అడుగుతారు. "మీ ఇష్టమండి" అంటాను. నేను ఆపేలోపే ఆ మాట వచ్చేస్తుంది. వాళ్ల ఇష్టం ఎప్పుడూ నా పెట్రోలు ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. ఇక ఇంటికొచ్చి ఆ చికాకంతా మా ఆవిడ ప్రసన్నకుమారి మీద చూపిస్తాను. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. పాతికమంది పసిపిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెట్టే మనిషికి నేనొక లెక్కా? "ధర చెప్పడానికి సిగ్గుపడేవారు బోర్డెందుకు రాయించుకున్నట్టండీ?" అని అడిగింది ఒకసారి.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే మంగాయమ్మ గారి పని వచ్చింది. అంతర్వేది వెళ్లే దారిలో ఆవిడకి చేపల కొట్టుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో రెండు పెద్ద ఫ్రీజర్లు, నేలంతా ఎప్పుడూ ఐసునీళ్లే. ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోందని కబురు చేశారు. నేను వెళ్లేసరికి కరెంటు లేదు. టార్చి వేసి చూశాను. ఎప్పుడో బల్బుల కోసం లాగిన సన్నవైరు మీద రెండు ఫ్రీజర్లూ నడుస్తున్నాయి. ఎర్తు అసలే లేదు. మూడో పిన్నుకి కన్నం ఉంది గానీ దాని వెనక వైరు లేదు.

నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. మీటరు దగ్గర్నుంచి కొత్త లైను లాగాలి, లావు వైరు కావాలి, ఎర్తుకి గొయ్యి తవ్వాలి, షాకు తగిలితే తనంతట తానే పడిపోయే ట్రిప్పరు పెట్టాలి. ఆవిడేమో ఒకరికి చేపలు తూస్తూనే నాతో మాట్లాడుతున్నారు.

"ఆరు వేలల్లో అయిపోద్దా అండీ?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఈ ఆయ్ సంగతి కొంచెం చెప్పాలి. అవునండి అన్నా ఆయే, వింటున్నానండి అన్నా ఆయే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనకపోతే వీడికి పొగరనుకుంటారు. నేనన్నది వింటున్నానండి అని. ఆవిడకి వినపడింది ఒప్పుకున్నానండి అని. "అయితే గురువారం వచ్చెయ్యండి" అన్నారు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా! దానికీ ఆయ్ అనే చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూస్తే సామానుకే ఎనిమిది వేల నాలుగొందలు తేలింది. రెండు రోజుల నా కూలి దాని పైన.

ఆ తరువాత నేను చేసిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. లావు వైరు బదులు సన్నది వేద్దాం, ట్రిప్పరు బదులు మామూలు స్విచ్చి పెడదాం, ఎర్తు ఎగ్గొడదాం అనుకున్నాను. పైపులో ఏ వైరుందో ఎవరు తీసి చూస్తారు? ఫ్రీజర్లు నడుస్తాయి, ఆవిడ సంతోషిస్తారు, నాకూ రెండు వేలు మిగుల్తాయి. గురువారం పొద్దున్నే సన్నవైరు చుట్ట కొని తెచ్చి బండికి తగిలించాను.

ప్రసన్న వాకిట్లోకి వచ్చి చూసింది. తనకి వైర్ల సంగతి పెద్దగా తెలియదు గానీ నా మొహం సంగతి బాగా తెలుసు.

"ఎర్తు పైపు పట్టుకెళ్లట్లేదేంటండీ?"

"ఆరు వేలకి ఒప్పేసుకున్నాను ప్రసన్నా. అందులో రాదు."

"ఒప్పుకున్నారా, ఆయ్ అనేసేరా?"

నేను వైరు చుట్టని తాడుతో ఇంకాస్త బిగించాను.

"వెళ్లి ఉన్నమాట చెప్పెయ్యండి. మహా అయితే పని పోద్ది" అంది.

చెప్పడానికేం, అంత తేలికైతే తనే వచ్చి చెప్పొచ్చు కదా అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను. ఈ రోజు తలుచుకుంటే మాత్రం, ఎర్తు పైపేదని ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ప్రసన్నకి జీవితాంతం వంట చేసి పెట్టినా రుణం తీరదనిపిస్తుంది.

కొట్టు దగ్గర మంగాయమ్మ గారు చెప్పుల్లేకుండా ఐసునీళ్లలో నిలబడి ఉన్నారు. మోచేతుల దాకా తడి. ఆ తడి చేత్తోనే ఫ్రీజరు తలుపు తీస్తున్నారు, మూస్తున్నారు. ఆవిడ ఒక చేప తీసి కాటా మీద పెట్టాక, వైరు చుట్ట భుజాన వేసుకుని దగ్గరికి వెళ్లాను.

"మంగాయమ్మ గారూ, ఆరు వేలకి అవదండి."

ఆవిడ కాటా మీది చేపని అలాగే వదిలేసి తలెత్తారు. "అదేంటండీ? ఆయ్ అన్నారు కదా మరి!"

"అది వింటున్నానన్న ఆయ్ అండి."

"బేరం దగ్గర వినడాలేంటి బాబూ! మా రేవులో ఆయ్ అంటే చేప బుట్టలో పడిపోయినట్టే."

పొరపాటు నాదేనన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆ తడి చేతులు చూస్తూ ఆగలేకపోయాను. సన్నవైరు సంగతి, ఎగ్గొడదామనుకున్న ఎర్తు సంగతి, అంతా చెప్పేసి చుట్ట తీసి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. పొమ్మంటారనుకున్నాను.

"ధర చెప్పనోళ్లంటే నాకు భయం బాబూ. నోటితో అడగనోళ్లు ఎక్కడో చోట కోసేత్తారు" అన్నారు. "సర్లెండి, కాగితం తియ్యండి. ఏమేం కావాలో రాయండి. మీ చేతిపని వేరేగా రాయండి."

సామానంతా గబగబా రాసేశాను. చేతిపని అన్న చోట కలం ఆగిపోయింది. ఆ మాట పక్కన అంకె వేయడం నాకదే మొదటిసారి. పదిహేను వందలని వేసి, కొట్టేసి, రెండు వేల నాలుగొందలని వేశాను.

ఇక మొదలైంది బేరం. వైరు దగ్గర పట్టుకున్నారు, రాజోలు షాపుకి ఫోను చేయించి రేటు కనుక్కున్నారు. పైపు దగ్గర వాదించారు. ట్రిప్పరుకి అంతెందుకని పది రకాలుగా అడిగారు. సామాను మీద మూడొందలు తగ్గించేదాకా వదల్లేదు. చివరికి ఆవిడ వేలు చేతిపని మీదికి వచ్చింది. పోనీ ఒక ఐదొందలు తగ్గించుకుంటానండి అనడానికి నేను నోరు తెరిచాను.

"ఊరుకోండి" అన్నారు. "దాని మీద ఆడను. నా కట్టం మీద బేరాలాడేవోళ్లని రోజూ చూత్తానే ఉన్నాను."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను చెప్పిన ధరకి, మారుమాట లేకుండా, ఒక మనిషి తలూపారు. ఆ సంతోషం ఎంతటిదో కూలి దగ్గర గీసి గీసి బేరం ఆడించుకున్నవాళ్లకే తెలుస్తుంది. షాపువాణ్ణి బతిమాలి సన్నవైరు వెనక్కిచ్చేసి, కావలసినవన్నీ తెచ్చుకున్నాను.

రెండు రోజులు పట్టింది. నాలుగడుగులు తవ్వగానే నీళ్లు పడ్డాయి. ఎర్తుకి మా నేలంత మంచి నేల ఉండదు. ఉప్పు, బొగ్గు వేసి పైపు దించి, అక్కణ్నుంచి వైరు తెచ్చి రెండు ఫ్రీజర్లకీ కలిపాను. ట్రిప్పరు మీట నొక్కి చూశాను, టక్కున పడింది. మళ్లీ ఎత్తి, "ఇక వాడుకోండి" అన్నాను.

మంగాయమ్మ గారు చేపల గంప తెచ్చి, ఎప్పటిలాగే తడి చేత్తో ఫ్రీజరు తలుపు తీసి సర్దడం మొదలుపెట్టారు. సర్దేసి ఊరుకోకుండా తలుపు మూసి, మళ్లీ తీసి, ఇనప అంచుని అరచేత్తో తడిమి చూశారు.

"ఎలీషా గారూ, ఇయ్యాల చెయ్యి తిమ్మిరెక్కట్లేదేంటండీ?"

"రోజూ ఎక్కేదా అండీ?"

"నాలుగైదు నెలల నుంచండి. ముట్టుకుంటే చాలు, జుమ్మని మోచెయ్యి దాకా లాగేసేది. ఐసు వల్లే అనుకునేదాన్ని."

అది ఐసు కాదు, ఎర్తు లేక ఫ్రీజరు ఇనుములోకి దిగిన కరెంటు. "దేవా, నీకు స్తోత్రం" అని లోపలే అనుకుంటూ ఆ నీళ్లలోనే మోకాళ్ల మీద కూలబడ్డాను. నేను పనిముట్లు ఏరుకుంటున్నాననుకుని ఆవిడ గంప పక్కన పెట్టి, "లేవండి బాబూ, నేను తీసిత్తాను. బట్టలు తడిసిపోతాయి" అంటూ వంగి, ఆ చేత్తోనే నా భుజం పట్టుకుని లేపారు.