ఆయన ఆగినప్పుడల్లా

మా ఆయన నోరు ఇప్పుడొక ల్యాప్‌టాప్. ఎగతాళికి అంటున్న మాట కాదు. పోయినేడు గొంతులో గడ్డ లేచింది. అది మంచి గడ్డ కాదని తేలి డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి దక్కాడు, నాకదే పదివేలు. అప్పట్నుంచి ఆయన చెప్పదలచుకున్నది టైపు చేస్తారు, ల్యాప్‌టాప్ దాన్ని పైకి చదువుతుంది. ఆ గొంతు ఎవరిదోగానీ, బ్యాంకుకి ఫోన్ చేస్తే "దయచేసి లైన్లో ఉండండి" అంటుందే, అచ్చం అలాగే ఉంటుంది. టీ బాగుందన్నా అదే గొంతు, నడుం నొప్పి అన్నా అదే గొంతు. దానికి అలవాటు పడిపోయాను.

అలవాటు పడలేనిది ఒక్కటే. ఆ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి కొయ్యబారిపోతుంది.

"ఈ సాయంత్రం మనం" అని మొదలవుతుంది. అంతే. తెరమీద బాణం కదలదు. కీలు టకటకా కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి దాన్ని చంపి మళ్ళీ బతికించాలి. ఈలోపు నాకు ప్రాణం ఉగ్గబట్టుకున్నట్టు ఉంటుంది. "ఈ సాయంత్రం బజారుకెళ్దాం అంటారు, అంతేగా?" అని నేనే అందిస్తాను. ఆయన అవుననరు, కాదనరు. మేం బజారుకెళ్తాం.

నా ఉద్యోగం బస్‌స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర. అక్కడ మనిషి నోరు తెరిచేసరికి నేను జవాబు చెప్పేసి ఉండాలి. ప్రశ్న పూర్తయ్యేదాకా కూర్చుంటే క్యూ గేటు దాటిపోతుంది. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు, దానికితోడు ఈ ఉద్యోగం. ఆయనేమో లెక్కల మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు నిదానం సారు. ఒక ప్రశ్న అడుగుతారు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు. జవాబు వచ్చేదాకా సాయం చెయ్యరు, కోప్పడరు, కదలరు. నిదానమే ప్రధానం అన్నదీ మన పెద్దలే, ఆలస్యం అమృతం విషం అన్నదీ మన పెద్దలే. పెళ్ళయిన రోజే చెరొకటి పంచుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. బడికి తిరిగి వెళ్తానని ఆయన అడిగితే ప్రిన్సిపాల్ మేడమ్ కాదనలేదు, సరేననీ అనలేదు. "గురువారం ఎనిమిదో తరగతికి ఒక పాఠం చెప్పండి, నేను వెనక కూర్చుంటాను. బాగా నడిస్తే మీ క్లాసులు మీవే. లేకపోతే పరీక్షల విభాగంలో కూర్చుని పేపర్లు దిద్దుకుందురుగాని, జీతంలో తేడా ఉండదు" అంది. ఆవిడ మంచిగానే చెప్పింది. కానీ ఇంటికొచ్చాక ఆయన కుర్చీలో కూర్చుని "పేపర్లు మాట్లాడవు" అని ఒక్కటే టైపు చేశారు. ఆ బ్యాంకు గొంతులో ఆ మాట వినలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ల్యాప్‌టాప్‌కి ఈ జబ్బు తెచ్చిపెట్టింది మా తమ్ముడు. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. "బావా, నీ పాత డిస్కు గానుగెద్దులా తిరుగుతోంది, ఎస్‌ఎస్‌డీ అని కొత్తరకం డిస్కు వేస్తా చూడు, ఎగిరిపోద్ది" అన్నాడు. వేశాడు. నిజంగానే ఎగిరింది. బటన్ నొక్కి కళ్ళజోడు పెట్టుకునేలోపు సిద్ధం. ఆ తర్వాతే ఈ కొయ్యబారడాలు. తీసుకెళ్ళి వాడి బల్లమీద పడేశాను. మెమరీ మార్చాడు. ఫ్యాను తుడిచాడు. వైరస్ ఉందేమోనని వెతికాడు. చివరికి ఎస్‌ఎస్‌డీనే తీసి అలాంటిదే ఇంకోటి పెట్టాడు. కొట్లో ఉన్నంతసేపు అది బంగారంలా పనిచేసేది. ఇంటికి తెచ్చి ఆయన ముందు పెట్టగానే మొదలు.

"బావ ఏదో తప్పు నొక్కుతున్నాడక్కా" అన్నాడు వాడు.

"లెక్కల మాస్టార్రా ఆయన! బటన్లు నొక్కడం రాదా?" అని నాలుగు తిట్టాను. తిట్టానేగానీ, లోపల నాకూ అదే అనుమానం.

బుధవారం మధ్యాహ్నానికి నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కిటికీ దగ్గరికెళ్ళి వస్తాను, మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెడతాను. ఫోన్ చేసి తమ్ముణ్ణి రప్పించాను. "కొట్టు మూసెయ్. ఇక్కడే కూర్చో. అది చచ్చేదాకా చూడు, చచ్చాక బతికించు" అన్నాను. వాడు ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన మర్నాటి పాఠం టైపు చేస్తున్నారు. నేను టీ ఇచ్చాను, పంచదార చాలిందా అని అడిగాను, బావకి చొక్కా ఏది బాగుంటుందో చెప్పమన్నాను, ప్రిన్సిపాల్ మేడమ్ మొహం ఎలా పెడుతుందో పెట్టి చూపించాను.

ల్యాప్‌టాప్ చచ్చింది. బతికించాడు. ఈసారి పిల్లలు గోల చేస్తే ఏం చెయ్యాలో ఆయనకి చెబుతున్నాను. మళ్ళీ చచ్చింది.

తమ్ముడు నావైపు అదోలా చూశాడు. "అక్కా, కాసేపు మాట్లాడకు."

"ఏం, నా మాటలకి కూడా వైరస్ ఉందా?"

"కాసేపేనే. బావా, నువ్వు ఆపకుండా కొడుతూనే ఉండు."

ఆయన కొడుతూనే ఉన్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. పక్కింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినబడింది, ఎన్నేళ్ళనుంచి కారుతోందో మరి. ల్యాప్‌టాప్ నిక్షేపంగా నడిచింది. ఆ తర్వాత వాడు "ఇప్పుడు మాట్లాడక్కా" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. నేను మొదలుపెట్టగానే ఆయన రెండు చేతులూ కీలమీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను చెప్పడం ముగించాక చేతులు మళ్ళీ పైకి తెచ్చి ఒక కీ నొక్కారు. తెరమీద అక్షరం పడలేదు.

తమ్ముడు పగలబడి నవ్వాడు. "దొరికింది! పనిలేనప్పుడు కరెంటు మిగలాలని ల్యాప్‌టాప్ తన డిస్కుని పడుకోబెడుతుంది. మళ్ళీ పని చెప్పగానే లేవాలి. ఈ పాత ల్యాప్‌టాప్‌కీ ఈ కొత్త డిస్కుకీ పొత్తు కుదర్లేదు. పడుకుంటోందిగానీ లేవట్లేదు. కొట్లో నేను దానికి తెరిపివ్వకుండా పరీక్షలు పెడుతున్నా కదా, ఇంక నిద్రెక్కడ? ఇక్కడ నువ్వు నోరు తెరుస్తావు, బావ చేతులు తీసేస్తాడు, అది కునుకు తీస్తుంది."

"అంటే నావల్ల అంటావు."

"నేనా మాట అన్లేదు."

"అనకేం, అన్నావు. మొగుడికి నోరు లేకపోతే పెళ్ళాం మాట్లాడకూడదా? డాక్టరు దగ్గర ఎవరు మాట్లాడారు? బ్యాంకులో ఎవరు మాట్లాడారు? చెడిపోయిన డిస్కు అంటగట్టింది నువ్వు, నింద నామీదా?" నాకు నిజంగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన లేచొచ్చి నా భుజంమీద చెయ్యి వేస్తారనుకున్నాను. ఆయన తెరవైపే చూస్తూ కూర్చున్నారు. దాంతో నాకింకా మండింది.

తమ్ముడు ఎక్కడెక్కడో సెట్టింగులు తెరిచి, డిస్కుని ఇక పడుకోబెట్టవద్దని దానికి చెప్పాడు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఊరికే వదిలేసి చూడాలన్నాడు. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. పనిలేకుండా కూర్చోవడం అంత కష్టమని నాకప్పుడే తెలిసింది. ఆఖరికి ఆయన ఒక కీ నొక్కారు, తెరమీద అక్షరం చటుక్కున పడింది. "థాంక్స్ బావమరిదీ" అంది బ్యాంకు గొంతు. తమ్ముడు వెళ్ళిపోయాడు. వాడు మహా మేధావిలా మెట్లు దిగుతుంటే చెప్పు విసరబుద్ధయింది.

గురువారం సెలవు పెట్టి నేనూ బడికి వెళ్ళాను. రావద్దని ఆయన టైపు చెయ్యలేదు. చేసే వ్యవధి నేనివ్వలేదు. క్లాసులో ప్లగ్గు వెనక గోడకి ఉంది, బల్లేమో ముందుంది. ఛార్జరు తీగ అందలేదు. బ్యాటరీ నిండుగానే ఉందని ఆయన సైగ చేశారు. ల్యాప్‌టాప్‌కి చిన్న స్పీకరు తగిలించి, నేను బయట వరండాలో తలుపు పక్కన నిలబడ్డాను. ప్రిన్సిపాల్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది.

మొదట్లో పిల్లలు ఆ గొంతు విని కిసుక్కున నవ్వారు. తర్వాత సర్దుకున్నారు. ఆయన బోర్డుమీద ఒక చదరం గీశారు. "దీని ప్రతి భుజాన్నీ రెట్టింపు చేస్తే, వైశాల్యం ఎన్ని రెట్లు అవుతుంది?" అంది స్పీకరు.

"రెండు రెట్లు సార్!" క్లాసంతా అరిచింది. నేనూ లోలోపల అదే అన్నాను. రెట్టింపు చేస్తే రెట్టింపు కాక మరేమవుతుంది?

"నిజమేనా?" అని కొట్టి, ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఇక మొదలైంది. ఒకడు పెన్ను మూత కొరుకుతున్నాడు. ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు. వెనకనుంచి ఎవరో "మూడు" అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఒక్కొక్కళ్ళ మొహం చూస్తున్నారు. చాలాసేపయ్యాక బల్ల దగ్గరికొచ్చి ఒక కీ నొక్కారు. స్పీకరు పలకలేదు. ఇంకోసారి నొక్కారు. ఆయన కనుబొమలు ముడిపడటం నాకు తలుపు దగ్గర్నుంచే తెలిసింది. చచ్చింది. నిన్న బతికిందన్నది ఇవాళ, ప్రిన్సిపాల్ మేడమ్ ముందు, మళ్ళీ చచ్చింది.

పవర్ బటన్ నొక్కిపట్టండి, నొక్కిపట్టండి అని నేను మనసులో అరుస్తున్నాను. ఆయన నొక్కలేదు. బల్ల వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి, చేతులు మళ్ళీ వెనక్కి పెట్టుకుని, పిల్లలవైపు చూస్తూ నిలబడ్డారు. ప్రిన్సిపాల్ మేడమ్ కాగితంమీద ఏదో రాసింది. పరీక్షల విభాగం అనే రాసి ఉంటుంది. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుంది. "పిల్లలూ, సార్ ల్యాప్‌టాప్ ఆగిపోయింది, సార్ చెప్పేది ఏంటంటే" అనే మాటలు నా నాలుక చివరిదాకా వచ్చేశాయి. ఆయన చెప్పేదేంటో నాకు తెలీదు, అయినా చెప్పేసేదాన్నే. గుమ్మం దాటి ఒక అడుగు లోపల పెట్టాను.

ఆయన నావైపు చూశారు. కోపంగా కాదు. చెయ్యెత్తలేదు, తల కూడా ఊపలేదు. పిల్లల్ని చూసినట్టే నన్నూ చూశారు, నాకూ ఆలోచించుకోవడానికి టైమిస్తున్నట్టు. నేను అడుగు వెనక్కి తీసుకున్నాను. అది తీసుకోవడానికి నేనెంత కష్టపడ్డానో ఆ దేవుడికి తెలియాలి.

మూడో బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది. గబగబా బోర్డు దగ్గరికెళ్ళి సుద్దముక్క అడిగి తీసుకుంది. చదరం పక్కన అలాంటిదే ఇంకో చదరం, కింద మరో రెండు గీసింది. గీసి, తనే రెండడుగులు వెనక్కేసి చూసుకుని, "అయ్యో, నాలుగు సార్! నాలుగు పట్టాయి!" అంది. క్లాసంతా ఒకేసారి మాట్లాడటం మొదలెట్టింది. ఆయన మొహం విచ్చుకుంది. సుద్ద తీసుకుని "మూడు రెట్లు చేస్తే?" అని బోర్డుమీద రాశారు. ఆ పిల్లలు మరి ఆగలేదు, గంట కొట్టేదాకా బోర్డుమీద ఖాళీ మిగలనివ్వలేదు. ల్యాప్‌టాప్ సంగతి ఆయనా మర్చిపోయినట్టున్నారు.

ప్రిన్సిపాల్ మేడమ్ బయటికొచ్చి నా పక్కన ఆగింది. "సోమవారం నుంచి వచ్చెయ్యమనండి. ముందు ఎలా చెప్పేవారో ఇప్పుడూ అలాగే చెబుతున్నారు" అంది. కృతజ్ఞత చెబుదామంటే నాకు మాట రాలేదు. నాకే!

వరండాలో ఆ రెండు జడల పిల్లని పట్టుకున్నాను. "మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది కదమ్మా, మీకు భయమెయ్యలేదూ?"

"ఆగిపోయిందా? ఎప్పుడు ఆంటీ?" అంది ఆ పిల్ల. "సార్ అడిగి ఆగుతారు కదా ఎప్పుడూ. మేం చెప్పాలి."

వాళ్ళకి తెలియనే తెలియలేదు. అంతసేపూ బయట నిలబడి చచ్చింది నేనొక్కదాన్నే. నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపొచ్చింది. ఏడాదిగా ఆయనకి నా గొంతు అరువిచ్చాననుకుంటున్నాను. ఆయనకి దాని అవసరం లేని చోటొకటి ఉందని కళ్ళారా చూశాను. సంతోషంగానే ఉంది. కొంచెం నొప్పిగానూ ఉంది, ఎందుకు దాచాలి?

ఆ నొప్పి తీర్చుకోవడానికి తమ్ముడున్నాడుగా. అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "బాగుచేశానన్నావు కదరా! నడి క్లాసులో చచ్చింది!"

"ఛార్జరు పెట్టారా?"

"తీగ అందలేదు."

వాడు నాలిక్కరుచుకుని ఉంటాడు. "అయ్యో అక్కా! ఛార్జరు పెట్టినప్పటికొక సెట్టింగు, బ్యాటరీమీద నడిచేటప్పటికొక సెట్టింగు ఉంటాయే. నేను మొదటిదే మార్చాను. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుందిగా, రెండోది తట్టలేదు. సాయంత్రం వచ్చి మార్చేస్తా. క్లాసు పోయిందా?"

"పోలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు."

"ల్యాప్‌టాప్ చచ్చినా? బావ ఏం చేశాడు మరి?"

"ఏం చెయ్యలేదురా. ఆగారంతే. వాళ్ళు చెప్పేదాకా ఆగారు."

వాడు మెల్లిగా, "మరి నువ్వు?" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను.