దేవుడి గూట్లో ముడుపులు

శుక్రవారం పొద్దున దేవుడి గూడు తుడవడం అరుణమ్మకు ఎప్పుడూ ఉన్న పనే. పటాలు దించాలి, వాడిన పూలు తీసెయ్యాలి, తడిగుడ్డతో గూడంతా తుడిచి, పటాలు మళ్ళీ నిలబెట్టి బొట్లు పెట్టాలి. పనిలో ఉన్నంతసేపూ ఆమె కళ్ళు ఒక వైపుకు మాత్రం పోవు. ఆంజనేయస్వామి పటం వెనక పసుపు గుడ్డల్లో కట్టిన ముడుపులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుని ఉంటాయి. వాటిని చూడకుండానే ఎత్తుతుంది, చూడకుండానే దించుతుంది. సరిగ్గా అప్పుడే, ఎక్కడినుంచో గానీ, మగ్గిన బత్తాయి వాసన గుప్పున వస్తుంది.

ఇంట్లో బత్తాయిలు లేవు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఎత్తేసి ఏళ్ళవుతోంది. ఆ వాసనను ఒంటికి పూసుకుని ఇంటికొచ్చే మనిషి, మార్కెట్‌లో కాటా దగ్గర పనిచేసిన తిరుపతి, అరుణమ్మ భర్త, మార్కెట్ పోయిన ఏడే తనూ పోయాడు. మరి ఈ వాసన ఎక్కడిది? అరుణమ్మ అగరుబత్తి మార్చింది. దీపంలో నూనె మార్చింది. గూట్లో మూలమూలనా ముక్కు పెట్టి చూసింది. ముడుపుల్లోంచే వస్తోంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి చూడటం మానేసింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆ ముడుపుల్లో ఏ మొక్కూ లేదు. ఉన్నది అరుణమ్మ రెక్కల కష్టం. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలవాళ్ళు పంపే చీరలకు ఇంట్లో కూర్చుని ఫాల్ కుట్టి, అంచులకు జిగ్‌జాగ్ కొట్టి సంపాదించుకున్న పైసలు. తిరుపతి ఇంట్లో పైసా దాగనిచ్చేవాడు కాదు. బియ్యం డ్రమ్ములో పెడితే డ్రమ్ము బోర్లించాడు. దిండులో పెట్టి కుడితే దిండు చింపాడు. "మొగుడు బతికుండంగ ఆడదానికి దాచుకునుడేందే? నేను సస్తననా?" అనేవాడు నోట్లు జేబులో కుక్కుకుంటూ. బయట అడిగి చూడండి, తిరుపతంత మంచోడు లేడంటారు. ఎందుకనరు, పెళ్ళాం పైసలతో నలుగురికీ తాగబోయించిన పుణ్యాత్ముడు మరి!

అంతటివాడూ ఒకసారి గూట్లో చెయ్యిపెట్టి వెతుకుతూ, తన తల్లి సైదమ్మ ఎప్పుడో కట్టిన ముడుపు చేతికి తగలగానే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కుని కళ్ళకద్దుకున్నాడు కూడా. ముడుపంటే దేవుడి సొమ్ము. ఏ దేవుడి పేరున కట్టామో ఆ దేవుడి ముందే విప్పాలి, ఇంట్లో ఎవరి చెయ్యీ ముడి మీద పడకూడదు. అది చూసిన అరుణమ్మ బుర్రలో దీపం వెలిగింది. ఆ నెల దుకాణం వాళ్ళిచ్చిన పైసలు పసుపు గుడ్డలో కట్టి, "నీ నౌకరి నిలబడాలని మొక్కిన" అంది. మరోసారి "బిడ్డ పాస్ గావాలని" అంది. ఇంకోసారి ధైర్యం చేసి "నీ తాగుడు బందుగావాలని" అంది. తిరుపతి పడీ పడీ నవ్వాడు. "ఎన్ని మొక్కులే తల్లీ! దేవునికి ఇసుగు రాదా?"

అలా ఏళ్ళు గడిచాయి. ముడుపులు పెరిగాయి. తర్వాత కూతురు స్వప్న కాలేజీ ఫీజుకు ఆఖరి రోజు వచ్చింది. తిరుపతిని అడిగితే "ఆడపిల్లకు గంత సదువెందుకు" అని లేచిపోయాడు. ఆ మధ్యాహ్నం అరుణమ్మ గూటి ముందు కూర్చుని ఒక ముడి విప్పింది. ఆ వారం తిరగకుండానే తిరుపతి నోట్లోంచి నెత్తురు పడింది. దవాఖానలో డాక్టరు కాలేయం అంతా పాడైందన్నాడు. ఎవరు విన్నారు ఆ మాట? అతను పోయిన పదకొండో రోజున, చుట్టాలందరి మధ్యా కూర్చుని, సైదమ్మ ఎటో చూస్తూ అంది: "ఈ ఇంట్ల ఎవరో ముడుపు ఇప్పిండ్రు. దేవుడు ఊకుంటడా?"

అరుణమ్మ గుండెలో రాయి పడింది. ఆ రాయి మళ్ళీ లేవలేదు.

తర్వాత పక్కింటి ఈరమ్మ వెంటబెట్టుకుని తీసుకుపోయి వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టించింది. సంపాదన ఏమైనా ఉందా అని అడిగితే "లేదు సారూ" అంది అరుణమ్మ. దాచుకున్నదేమైనా ఉందా అంటే "ఏడికెల్లి వస్తది సారూ" అంది. అబద్ధం చెప్పాననుకోలేదు. అవి దేవుడి ముడుపులు కదా, నావెలా అవుతాయి అని సర్దిచెప్పుకుంది. ఇంటికొచ్చి గూటి ముందు నిలబడితే మాత్రం, "స్వామీ, ఇవి నీవి గావు, నావి, నా మీద కోపం పెట్టుకోకు" అని దండం పెట్టింది. సర్కారుకేమో దేవుడివని, దేవుడికేమో నావని చెప్పింది. ఇద్దరిలో ఎవరు ముందు పట్టుకుంటారోనన్న భయం ఆ రోజు నుంచి ఆమెతోపాటే తింటోంది, ఆమెతోపాటే కుడుతోంది. గేటు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. మెట్రో రైలు పోయినప్పుడు గూట్లో పటాలు సన్నగా అదిరితే, వెనకనుంచి ఎవరో ముడుపులు తడుముతున్నట్టే ఉంటుంది.

పింఛనుతో గ్యాసూ, సైదమ్మ బీపీ గోలీలూ గడుస్తున్నాయి. ముడుపులు మాత్రం మడిగె కోసం. సందు మొదట్లో చిన్న దుకాణం గది కిరాయికి తీసుకుని, మిషన్ వేసుకుని, తన పేరుతో బోర్డు పెట్టుకోవాలని ఆమె కోరిక. ఆ కోరిక ఎవరితోనూ అనలేదు. అంటే పైసలెక్కడివని అడుగుతారు.

శనివారం ఈరమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "ఏమే అరుణా, పింఛన్లు మల్ల చెక్ జేస్తున్నరంట. ఎల్బీనగర్ దిక్కు ఒకామెకు కట్ జేసిండ్రంట. ఇల్లంత ఫొటోలు దీస్తున్నరంట. సోమారం మన గల్లీకే!"

అరుణమ్మ లేచి గేటు దగ్గరికి వేసింది. లోపల మంచం మీద ఉన్న సైదమ్మ మాత్రం తాపీగా అంది: "భయమేందుకే? ఉన్నయి ముడుపులే గదా. దేవునియని చెప్దాం. మంగళారం కర్మన్‌ఘాట్ గుడికి పోయి అన్ని హుండీల ఏసొద్దాం. మొక్కు దీరుతది."

ఈరమ్మ భలే మాటన్నావు పెద్దమ్మా అని తలూపి పోయింది. అరుణమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. మడిగె, మిషన్, బోర్డు, ఇన్నేళ్ళ కంటిచూపు, అన్నీ కలిపి హుండీలోకి! కాదనడానికి నోరేది? ఏమని అంటుంది? అవి మొక్కులు కావు, నేనే నీ కొడుకును మోసం చేశానని చెప్పాలి. నేనే ముడి విప్పానని చెప్పాలి. నీ కొడుకును తిన్నది నేనే అని ఒప్పుకోవడమే కదా అది.

సాయంత్రం వాకిట్లో వెలుతురుకు కూర్చుని ఫాల్ కుడుతోంది. సైదమ్మ దీపం వెలిగించి, గూటి ముందు చాలాసేపు కదలకుండా నిలబడింది. వెనక్కి తిరగకుండానే అడిగింది:

"అరుణా, నీకు గూడ ఒస్తదానే?"

"ఏంది అత్తమ్మా?"

"బత్తాయి వాసన."

సూది వేల్లో దిగింది. నెత్తురు చుక్క కొత్త చీర మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని "ఊఁ" అంది.

"వాడు పోయిన్నాటి సంది ఒస్తున్నది. నేను ఇప్పిన గదా, నన్నొక్కదాన్నే పట్టుకున్నదనుకున్న," అంది సైదమ్మ.

"నువ్వు ఇప్పినవా?"

"నీ ముడుపులల్ల నాదొకటి గలిపిన. మా పెద్దపిల్ల ఇచ్చిన పైసలు. వాడు ముట్టడని. కండ్లద్దాలు గావాల్నని అడిగితే ముసల్దానికి అద్దాలేందన్నడు. నేనే ముడి ఇప్పి మలక్‌పేట పోయి తెచ్చుకున్న, మిగిలినయి మల్ల కట్టి పెట్టిన. కండ్ల క్యాంపుల ఊకెనే ఇచ్చిండ్రని చెప్పిన. గా నెలలనే వాడు పాయె." ముసలామె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "దినాల నాడు అన్న మాట నిన్ను గాదే. నన్ను నేనే అనుకున్న."

అరుణమ్మ కుడుతున్న చీర పక్కకు జారిపోయింది. "నేను గూడ ఇప్పిన అత్తమ్మా. స్వప్న ఫీజుకు," అంది ఎట్టకేలకు. "అయితే గవి మొక్కులు గావని నీకు ముందే ఎరికేనా?"

"ఎరుకే. మొగుని కోసం ఇన్ని మొక్కులు ఏ ఆడది మొక్కుతదే?"

అరుణమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ సైదమ్మ నవ్వలేదు. గూడు వైపు భయంగా చూసి, "గందుకే అంటున్న. అన్ని హుండీల ఏద్దాం. ఇద్దరి పాపం పోతది. లేకుంటే మల్ల ఎవరి మీదికొస్తదో. స్వప్న ఒక్కతే ఉన్నది," అంది.

ఆదివారమంతా అరుణమ్మ ఆ మాటే నములుతూ వంట చేసింది, బట్టలుతికింది. స్వప్నకు ఏమన్నా అయితే? ఆ భయానికి గూటికి దండం పెట్టేది. వెంటనే ఒళ్ళు మండేది. ఒకామె బిడ్డ చదువుకు తన పైసలు తీసుకుంది. ఒకామె కళ్ళు కనబడడానికి తన పైసలు తీసుకుంది. అంతమాత్రానికి ఇద్దరూ ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒక చావును మోశారు. వాడు ఇంతమంది కష్టం తాగాడే, ఒక్క రోజైనా పాపం తగులుతుందని జంకాడా? ఏ దేవుడన్నా వాడిని నిలదీశాడా? అలా అనుకుంటూనే గూటివైపు తిరిగి చెంపలేసుకుంది. భయం ఎక్కడికీ పోలేదు.

సోమవారం వచ్చిన అమ్మాయి పేరు స్పందన. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫోను. బాగానే మాట్లాడింది, మంచినీళ్ళు అడిగి తాగింది. పేర్లు, ఆధారు, కిరాయి ఎంత అని ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. "లోపల ఒక ఫొటో గావాలి ఆంటీ" అని ఫోను పైకెత్తి, ఆగి, "అబ్బో, ఎన్ని ముడుపులు! ఏం మొక్కులు అవ్వా గివి?" అంది నవ్వుతూ.

సైదమ్మ నోరు తెరిచింది. ఆ పెదాల మీద దేవుడి పేరు అరుణమ్మకు కనిపించింది. ఆ ఒక్క మాటతో పింఛను నిలుస్తుంది. ఆ ఒక్క మాటతో రేపు హుండీ నిండుతుంది. గూట్లోంచి వాసన ముక్కు పగిలేలా వచ్చింది.

"మొక్కులు గావు మేడం," అంది అరుణమ్మ. గొంతు ఎవరిదో అన్నట్టుంది. "పైసలు. ఫాల్ కుట్టి సంపాయించుకున్నయి. నావి. ఒకటి మా అత్తమ్మది."

స్పందన వేలు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఆంటీ, గట్ల జెప్తే నేను రాయాల్సొస్తది. పింఛను ఆగిపోవచ్చు. దేవునియి అంటే అయిపోతది గదా," అంది.

"తెల్సు. రాసుకో."

"మరి ఇన్నేండ్లు ముడుపులని ఎందుకు గట్టిండ్రు?"

అరుణమ్మ తల దించుకుంది. జవాబు లేక కాదు. కన్నతల్లి ఎదురుగా, పోయినవాణ్ణి ఏమంటుంది? ఇన్నాళ్ళూ అనలేదు, ఇప్పుడూ అనలేకపోయింది. కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది.

సైదమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. పటం వెనక చెయ్యి పెట్టి, తడిమి తడిమి ఒక చిన్న మూట తీసి రొమ్ముకు అదుముకుంది.

"ఇంట్ల దొంగ ఉండె బిడ్డా," అంది. "నా కొడుకే. గది గూడ రాసుకో."