లెక్కకు రాని తిమ్మన్న

నా కొడుకు సిద్దప్పకు ఏడో ఏడు నడుస్తుండగా యేసేపు మొదటిసారి ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చాడు. ఆదోని మిషన్ బడిలో నాకు ఐదో తరగతి దాకా చెప్పిన అయ్యవారి కొడుకు. మద్రాసులో పెద్ద చదువు, ఆ చదువంతా ఈగల మీదే. అరటిపండ్ల మీద ముసిరే సన్న ఈగల్ని సీసాల్లో పెంచి, తల్లిదండ్రుల లోపం పిల్లలకు ఎలా దిగుతుందో చూస్తాడు. అది తెలిస్తే మనుషుల జబ్బులూ తెలుస్తాయంటాడు. సెలవులకు వచ్చినా వాటిని వెంట తెచ్చుకుంటాడు, ఎండకు చావకుండా సీసాలకు తడిగుడ్డ చుట్టి.

"ఈగలకు గంజి కాసే ఉద్యోగం యాడన్నా ఉందా నాయనా?" అని మా అమ్మ ఉచ్చీరమ్మ ఎగతాళి చేసింది.

"గంజి కాదవ్వా, రవ్వా బెల్లం. మీ ఇంట్లో పండగకు గానీ సెయ్యరు."

నాకు నవ్వు రాలేదు. సిద్దప్ప ఊరికే పడిపోతున్నాడు. లేవాలంటే మోకాళ్లు పట్టుకుని, తొడలు పట్టుకుని, తన ఒంటి మీద తానే ఎక్కినట్టు లేస్తాడు. పిక్కలు మాత్రం పైల్వానుకు ఉన్నట్టుంటాయి. యేసేపు వాణ్ణి మూడుసార్లు కూర్చోబెట్టి లేపించాడు. తర్వాత నోటుపుస్తకం తీసి గీతలు మొదలుపెట్టాడు. మగవాళ్లకు గడి, ఆడవాళ్లకు సున్నా.

"లింగక్కా, నీ తోడబుట్టినోళ్లు ఎంతమంది?"

"ఒగడే, తిమ్మన్న. మిల్లులో పత్తి మూటలు మోస్తాడు. దున్న మాదిరుంటాడు."

"పోయినోళ్లు ఎవరన్నా?"

"ల్యారు."

పక్కన కూర్చున్న అమ్మ కూడా తలూపింది.

"మీ వైపు ఎవరికీ లేదక్కా. ఇది వీనితోనే కొత్తగా వచ్చినట్లుంది. రేపు ఉరుకుందమ్మ బిడ్డలకు వస్తుందన్న భయం తక్కువే" అన్నాడు.

ఉరుకుందమ్మ నా పెద్ద కూతురు. మరుసటేడు సంబంధం వచ్చినప్పుడు, పిల్ల తమ్ముడి జబ్బు రేపు దాని కడుపున కూడా పుడుతుందేమోనని మగపెండ్లివారు అడిగారు. "మద్రాసులో చదివే పిల్లోడే లేదన్నాడు" అని చెప్పాను. తక్కువ అన్నదాన్ని లేదు అన్నాను. మా వీధిలోనే ఇచ్చి పెండ్లి చేశాం.

ఆ పై వేసవికి ఉరుకుందమ్మకు ఐదో నెల. ఒకరోజు నేను సిద్దప్పను వీపు మీద వేసుకుని పెరట్లోకి పోతుంటే, అమ్మ కండ్లొత్తుకుంది.

"అచ్చం మా తిమ్మన్నే. వాడూ ఇట్లే నా ఈపు మీదనే ఉండె."

"తిమ్మన్న మూటలు మోస్తాండాడు కదమ్మా?"

"వాడే. మొదటిసారి వచ్చినప్పుడు."

సిద్దప్పను అక్కడే దించాను. మా ఇండ్లల్లో బిడ్డ పోతే, తర్వాత పుట్టిన మగబిడ్డకు ఆ పేరే పెడతారు. పోయినవాడే తిరిగి వచ్చాడని నమ్మకం. ఇద్దరని లెక్కపెడితే ఉన్నవాడు కూడా పోతాడని భయం. నేను పుట్టకముందు ఒక అన్న పోయాడని నేనూ విన్నదాన్నే. ఎట్లా పోయాడో అడగలేదు. యేసేపుతో ల్యారు అన్ననాడు అబద్ధం చెప్తున్నానని కూడా తోచలేదు.

తెల్లారి బస్సెక్కి ఆదోని పోయాను. యేసేపు సెలవులకు వచ్చి ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, పాత పుస్తకం తెరిచి, తిమ్మన్న పక్కన ఇంకో గడి గీసి, సిద్దప్ప గడి మాదిరే సిరాతో నింపాడు.

"నన్ను తిట్టు నాయనా."

"నిన్నెందుకక్కా? అడగడం నాకే రాల్యా. ఎంతమంది అంటిని. ఎన్ని కాన్పులని మీ అమ్మనడగాల్సింది." పుస్తకం మూశాడు. "ఇది ఆడోళ్లలో దాగుంటుంది. మగబిడ్డల్లో బయటపడుతుంది. మీ అమ్మ నుంచి నీకొచ్చింది. ఉరుకుందమ్మకు వచ్చిందో లేదో, సగం సగం. వచ్చుంటే, పుట్టేది మగబిడ్డయితే, వానికి మళ్లా సగం."

"తెలిసేదెట్లా?"

"ఈగలైతే పన్నెండు దినాల్లో పిల్లల్ని సూసి సెప్తా. మనిసికి, వాడు పుట్టి నడిసిందాకా తెలీదు."

"తెలిస్తే మందుందా?"

"ల్యాదక్కా. ఆరేండ్లుగా ఈగల్ని సూస్తాండా. సిద్దప్పకు ఒగ గోలీ గూడా తేలేకపోతి."

ఇంటికొస్తే ఉరుకుందమ్మ గడపలోనే అడిగింది. "ఏమన్నాడమ్మా యేసేపన్న?"

"ఈగలు బాగుండాయంట."

పడిపడి నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతుంటే చూడలేకపోయాను.

మగబిడ్డే పుట్టాడు. ఇప్పుడు వాడికి మూడు దాటి ఆరు నెలలు. సిద్దప్ప మంచం దిగక రెండేండ్లయింది. యేసేపు ఇప్పుడు మద్రాసులోనే మేష్టరు. అక్కడి నుంచి రెండు కార్డులు రాశాడు, పిల్లవాడు నేల మీది నుంచి ఎట్లా లేస్తున్నాడో చూసి రాయమని. నేను జవాబివ్వలేదు. చూస్తే కదా రాసేది. పొద్దున ఉరుకుందమ్మ ఇంటికి పోయి తెచ్చుకున్నది మొదలు మనవణ్ణి చంక దించను. అంగడికీ చంకలోనే, నీళ్లకూ చంకలోనే.

"మూడేండ్ల గాడ్దెను ఇంకా సంకలో ఏందమ్మా? దించు, ఆడుకోనీ" అంటుంది ఉరుకుందమ్మ.

"మన్ను తింటాడే."

ఈ పొద్దు అది ఊరుకోలేదు. నా చేతుల్లోంచి లాక్కుని వాకిట్లో కూర్చోబెట్టింది. నాలుగడుగులు వెనక్కి పోయి, "లేసి రా నాయనా, అమ్మ కాడికి రా" అని చేతులు చాపింది. వాడు నవ్వి, రెండు అరచేతులూ నేలకు ఆనించాడు. తర్వాత ఆ చేతులు యాడికి పోతాయో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఒక్క ఉరుకున పోయి ఎత్తుకున్నాను.

ఉరుకుందమ్మ చాపిన చేతులు దించి, నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, ఆ పొద్దు యేసేపన్న ఏం సెప్పినాడు?"