ఏడ్చేవాళ్ళు ఏడవం అన్న రోజు

జబ్దీ దొర చేలో యవల కోత సాగుతోంది. కోతగాళ్ళ వెనక పరిగె ఏరుకుంటున్న నోవాను పెత్తనదారు జుట్టు పట్టి గట్టు మీదికి ఈడ్చాడు. మొగుడు పోయి ఏడాది కాలేదు ఆమెకు. ఒడిలోని వెన్నులు దులిపించి, కాలితో మట్టిలోకి తొక్కాడు. చేను అంచులూ రాలిన వెన్నులూ పేదలవి, అది దేవుడి ఆజ్ఞ. షోమ్రోను కొండల్లో తాతల నాటి నుంచి ఎవరూ దాన్ని కాదనలేదు. ఈ ఏడు జబ్దీ కాదన్నాడు.

హొగ్లా కళ్ళారా చూసింది. ఊళ్ళో చావు జరిగితే శోకాలు పెట్టే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. ఆమె గొంతెత్తనిదే పాడె లేవదు. చావుల్లేని రోజుల్లో వాళ్ళందరికీ ఆ పరిగే కూడు.

"గుడికి మేకపిల్లనిద్దామే. దేవుడే దొర మనసు మారుస్తాడు," అన్నారు ఆడవాళ్ళు. ఉన్న ఒక్కదాన్నీ తోలుకెళ్ళి బలిచ్చారు. మంచి ముక్కలు యాజకుడు తీసుకున్నాడు. ఆయన పంక్తిలో కూర్చుని తిన్నవాడు జబ్దీ!

అది విని ఎల్యాదా నవ్వాడు. దక్షిణాన గొర్రెలు కాసుకునేవాడు, దేవుడి మాట వినబడిందని మంద వదిలేసి వచ్చినవాడు. పెద్దలు తీర్పు చెప్పే ఊరి గవిని వాకిట్లోనే నిలబడి అరిచేవాడు.

"దేవుడికి లంచమిచ్చారా తల్లీ? ఆయన మీ పక్షానే ఉన్నాడు. మీ పక్షాన లేంది మీరే!" తర్వాత పెద్దల మధ్య కూర్చున్న జబ్దీ వైపు తిరిగాడు. "నోటికాడి కూడు లాక్కుని, ఆ చేతుల్తోనే దండం పెడతావా దొరా? నీ కొట్లు కూలతాయి. నువ్వు నమ్ముకున్న రాజూ కూలతాడు!"

రాజు పేరెత్తడమే సాకయింది. భటులు అతన్ని గవిని ముందే రాళ్ళతో కొట్టి చంపి, శవాన్ని వాగులో పారేశారు. వీడికి శోకం పెట్టిన నాలుక కోస్తామని చాటింపు వేశారు. హొగ్లా తలుపేసుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. ఊరు ఊరంతా అదే పని చేసింది.

వారం తిరక్కుండా జబ్దీ తల్లి తిమ్నా పోయింది. కోతల్లో పరిగె ఏరేవాళ్ళ కోసం కావాలనే పనలు జారవిడిపించిన మనిషి ఆమె. పొద్దు వాలేలోగా సమాధి చెయ్యాలి, శోకానికి రండని కబురొచ్చింది. ఆడవాళ్ళు కళ్ళంలో గుమిగూడారు.

"పోకపోతే కొంప ముంచుతాడే," అంది ముసలి హెలా. "అయినా ఆవిడేం చేసింది పాపం? మన కడుపు చూసిన తల్లి."

"చూసింది పిన్నీ. ఆ కడుపు మీద కొట్టింది ఆవిడ కొడుకేగా!" అంది నోవా.

"శోకం లేకుండా కుక్కను పాతేస్తారే, మనిషిని కాదు."

"మరి ఎల్యాదా మనిషి కాడా?"

చివరికి హొగ్లా లేచింది. "శోకపు గోనెలు కట్టుకోండి, పోదాం. నేనెవరి పేరెత్తితే వాళ్ళకే ఏడవాలి."

జబ్దీ వాకిట కోతగాళ్ళంతా ఉన్నారు, భటులున్నారు, దూరంగా యాజకుడున్నాడు. హొగ్లా తిమ్నా పాదాలు ముట్టుకుంది. కన్నీళ్ళు వాటంతటవే దూకాయి. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ గొంతెత్తింది.

"ఓ ఎల్యాదా! మా అన్నా ఎల్యాదా!"

"నోర్ముయ్యవే! మా అమ్మ పేరెత్తు!" అరిచాడు జబ్దీ. ఆపై గొంతు తగ్గించాడు. "పొద్దు వాలుతోంది హొగ్లా. మా అమ్మ నిన్నేనాడైనా ఒట్టి చేతుల్తో పంపిందా?"

"లేదు దొరా. అందుకే నా గుండె తరుక్కుపోతోంది. ముందు మావాడికి ఏడవనీ. పరిగెకు చేను తెరువు. ఆనక మీ అమ్మకు కొండలు వినేట్టు ఏడుస్తాం."

అతను తల్లి ముఖం చూశాడు. చేను వైపు చూశాడు. భటులకు సైగ చేశాడు.

వాళ్ళు హొగ్లా చేతులు విరిచికట్టి తీసుకుపోయారు. శోకం తెగిపోయింది. అప్పుడు హెలా, ఇందాక భయపడ్డ హెలాయే, ముందుకొచ్చి అందుకుంది. "నిన్ను వాగులో పారేశారయ్యా ఎల్యాదా!" ఆడవాళ్ళు పలికారు. వెనక నుంచి కోతగాళ్ళు పలికారు. మగవాళ్ళు శోకం పెట్టడం ఆ ఊరు అంతకుముందు ఎరగదు.

ఏడుస్తూనే అందరూ చేలోకి నడిచారు. వాకిట్లో జబ్దీ, శవం ముడితే మైలపడే యాజకుడు మిగిలారు. పాడె ఎత్తడానికి నలుగురు లేరు.