ఫైటర్‌కి వేరే గది

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మరదలు చెప్పులు విప్పుతూనే అక్వేరియం వైపు చూసింది. ఒళ్లు మండిపోయింది. ఆమె పెంచుకునే బుల్లి గప్పీ చేపలన్నీ ఫిల్టర్ వెనక ఇరుక్కున్నాయి. రెండింటికి తోకల్లేవు. ఎర్రటి ఫైటర్ చేపొకటి మొప్పలు విప్పుకుని వాటిముందు పహరా కాస్తోంది.

అన్నిటికన్నా లోపల, కడుపుతో ఉన్న పసుపు గప్పీ ఒరిగిపోయి ఆయాసపడుతోంది. మూడేళ్లుగా, తరం తర్వాత తరం ఏరి పెంచితే వచ్చిన రంగది. ఆ రంగుకి అదొక్కటే మిగిలింది.

సోఫాలో ఆడపడుచు బట్టలు మడతపెడుతోంది. చేపని తెచ్చిన పాలిథిన్ కవరు కాళ్ల దగ్గరే ఉంది.

"ఎవరు వేశారిది?"

"నేనే. ఈ ఇంట్లో చేపని పెంచుకునే హక్కు కూడా లేదా?"

"వదినా, కొత్త చేపని రెండు వారాలు వేరే బకెట్లో ఉంచాలని మూత మీద రాసి అంటించాను. అసలు ఫైటర్‌ని గప్పీలతో కలపనేకూడదు. తోకలు కొరికేస్తుంది."

"చదివాన్లే నీ చీటీ. మొగుణ్ణొదిలి నేనొచ్చినప్పుడూ ఇంతేగా? ఆర్నెల్లు మేడమీద గదిలో పడేశావు. వచ్చినవాళ్లని వేరుపెట్టడం నీకు వెన్నతో పెట్టిన విద్య!"

గుమ్మంలో మరదలి భర్త నోరు తెరవబోయాడు.

"నువ్వూరుకోరా," అంది అక్క.

"మీరూరుకోండి," అంది భార్య.

ఆ రోజు ఆడవాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మరదలు వల తీసుకుంది. ఆడపడుచు లేచొచ్చి మూత మీద చెయ్యేసింది.

"తియ్యండి చెయ్యి. కడుపుతో ఉన్నది చచ్చిపోతుంది."

"చావనీ."

మరదలు మూత ఒక్క గుంజు గుంజింది. మడతపెట్టిన బట్టల మీద నీళ్లు చిమ్మాయి. ఫైటర్‌ని తొట్టె నీళ్లతో సహా గాజు జాడీలోకి దించి, తీసుకెళ్లి ఆడపడుచు గదిలో అద్దం ముందు ఠక్కున పెట్టింది.

"మీ చేప, మీ గది."

అద్దంలో తన నీడే కనబడి ఫైటర్ మళ్లీ మొప్పలు విప్పింది.

సాయంత్రానికి తోకల్లేని రెండూ చచ్చి తేలాయి. పసుపుదాన్ని బకెట్లోకి మార్చింది. మూడోరోజు బకెట్ నిండా ఆవగింజంత కళ్లతో పిల్లలు. ఆ సంగతి ఆడపడుచుకి చెప్పలేదు.

ఆవిడా ఏమీ అడగలేదు. చేపకి నీడ కనబడకుండా తన అద్దానికి తువ్వాలు కప్పేసి, బాత్రూమ్‌లో తల దువ్వుకుంటోంది. ఓరగా తెరిచిన తలుపులోంచి మరదలికి జాడీ కనబడింది. నీళ్లు మసకబారాయి. జాడీలో మార్చడానికి, క్లోరిన్ పోయేలా ఒకరోజంతా నిలవబెట్టిన నీళ్లు చెంబుతో తెచ్చి ఆ గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం చెంబు ఖాళీగా, బోర్లించి అక్కడే ఉంది.