నాలుగు మూలల పసుపు

ముత్తన్న చేసిన తప్పు చిటికెడు పసుపంత. అదైనా భక్తితో చేశాడు, అందుకే చిక్కు మరీ పెద్దదైంది.

రెండు వేల ఆరులో, గల్ఫ్‌కు కూలికెళ్ళినప్పుడు, మనామాలో పాత ఇల్లొకటి కూలగొడుతుంటే, అతని సుత్తి దెబ్బకు గోడలోంచి రేకుపెట్టె బయటపడింది. లోపల తోలు ఆకులు, వాటి మీద చీమలబారులా రాత. జగిత్యాల మనిషి, పాతగోడలో ఏం దొరికినా ముందు పసుపు పెట్టాలి, తర్వాతే ముట్టుకోవాలి. దెబ్బ తగిలితే అద్దుకొమ్మని తల్లి గౌరవ్వ కట్టిచ్చిన పొట్లం సంచిలో ఉండనే ఉంది. పదకొండు ఆకులకూ నాలుగు మూలలా తడివేలితో బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాకే డ్రైవర్ నిసార్‌ను పిలిచాడు.

నిసార్‌ది కోరుట్ల. ఆ ఊళ్ళోనే గుదైబియా వాడలో ఇద్దరిదీ ఒకటే గది. ఆకులను అటూ ఇటూ చూసి, "ఇది అరబ్బీ కాదు. గని ఎవలదో దేవుని మాటే. చెత్తబండిల ఎయ్యొద్దు," అని వాళ్ళకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌కు ఫోన్ చేశాడు.

కఫీల్ ఎవరికో చెప్పాడు, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. వారం తిరిగేసరికి లండన్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ దిగింది. అవి యూదుల ప్రార్థన ఆకులట, మూడు వందల ఏళ్ళ నాటివట. దేవుడి పేరున్న ఆకు చిరిగినా పారేయకుండా దాచిపెట్టడం వాళ్ళ ఆచారమట. నిసార్ ఇదంతా తెలుగులో చెబుతుంటే ముత్తన్న బుద్ధిగా తలూపాడు.

అంతలో ఆమె భూతద్దం పసుపు మీదికి వచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది. ఇలాంటి గుర్తులు ప్రపంచంలో ఎక్కడా లేవట, ఇక్కడి యూదులకు మాత్రమే తెలిసిన రహస్య పూజ అయి ఉంటుందట. చదువు ముదిరితే ఇంతే. వంటింట్లో ఓసారి నిలబడితే తెలిసేదానికి భూతద్దం పట్టుకోవాల్సి వస్తుంది.

కఫీల్ ఉబ్బిపోయాడు. పరీక్షలు పూర్తయ్యేదాకా, అంటే ఆరు నెలలు, పెట్టె దొరికించుకున్న మనిషి సాక్షిగా ఉండాలి, దేశం దాటకూడదన్నాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. ముత్తన్నకు అప్పటికే సెలవు ఖాయమైంది. వచ్చే సోమవారం వేములవాడలో అతని కూతురికి పుట్టెంట్రుకలు తీయాలి. మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడే. అతను విమానం ఎక్కాక పుట్టిన పిల్ల, ఇంతవరకూ ఫోటోల్లో తప్ప చూడలేదు.

"పసుపు నీదని చెప్పకు," అన్నాడు నిసార్. "ఆర్నెల్లు ఊకుంటే నౌకరీ ఉంటది. చెప్తే ఖలాస్."

"పిల్లకు మూడో ఏడు మళ్ల రాదు గద భాయ్."

మర్నాడు ముత్తన్న ప్రొఫెసరమ్మ బల్ల ముందు పొట్లం విప్పాడు. వేలు తడుపుకుని, ఆమె తెల్లకాగితానికి నాలుగు మూలలా బొట్లు పెట్టాడు. ఆమె కాగితాన్ని చూసింది. తోలు ఆకును చూసింది. మళ్ళీ కాగితాన్ని చూసింది. నిసార్ ఫ్యాన్‌ను చూశాడు.

"ఎందుకు పెట్టినవని అడుగుతున్నది," అన్నాడు చివరికి.

"పాతగోడల దొరికింది, దేవునిదై ఉంటె పసుపు పెట్టకుంట ఎట్ల ముట్టుకుంటమని చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, ఆ పొట్లం తనకిమ్మంది. కఫీల్ మాత్రం నవ్వలేదు. సాయంత్రానికి వీసా క్యాన్సిల్ చేసి, పాస్‌పోర్టూ టికెట్టూ ముత్తన్న చేతిలో పెట్టాడు. మళ్ళీ నా కంటపడొద్దన్నాడు.

ఎయిర్‌పోర్టుకు నిసారే దింపాడు.

"మా అమ్మ పసుపు ఏం జేసింది భాయ్, ఆమె?"

"సీసల పోసి, నంబరేసి, ఆకుల పక్కన్నే బీరువల పెట్టింది. ఎన్నడు తియ్యరంట."

"పసుపుకు పర్మనెంటు వీసా దొరికింది," అని నవ్వబోయాడు ముత్తన్న. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. మూడేళ్ళ చాకిరీ, ఇక మళ్ళీ పిలుపు రాదు. మొహం తుడుచుకుందామని సంచిలో తువ్వాలు వెతుకుతుంటే ఎర్ర రిబ్బన్ల చుట్ట బయటికి జారింది.

నిసార్ దాన్ని తీసి చూశాడు. "సోమవారం గుండు కొట్టించే పిల్లకు రిబ్బన్లేందివయా?"

"పెరుగుతయి తియ్, భాయ్," అన్నాడు ముత్తన్న, ముక్కు తుడుచుకుంటూ. "ఇగ నేను ఇంటికాడనే ఉంట గద. జడ నేనే ఏస్త."