తడిమితే దొరికే చోటు

వడ్రంగి పనిచేసుకునే వెనకగదిలో కాలు పెట్టే చోటు లేదని ఆయన ఇల్లాలు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉంది. ఎవరూ చెవిన పెట్టలేదు. మొన్న ఆరిన బట్టలు పెరట్లోంచి తెస్తూ, గుమ్మానికి అడ్డంగా పడున్న చెక్కను తన్నుకుని పడి చీలమండ బెణికించుకుంది. దాంతో ఆవిడ మాటకు ఎక్కడలేని బలం వచ్చింది. కూతురు సెలవు పెట్టి, పొద్దున్నే చీపురు, ఖాళీ బస్తాలు, ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు ఓ మోపెడు పట్టుకుని దిగింది.

వాటిని చూడగానే వడ్రంగి గుండెల్లో రాయి పడింది.

చెత్త మీద మమకారం అనుకునేరు, అదేం కాదు. ఆయనకు చూపు పోతోంది. దేన్ని చూసినా సరిగ్గా మధ్యలో పొగ కమ్మినట్టుంటుంది, పక్కలనుంచి మాత్రం కాస్త ఆనుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలనీ ఆ డాక్టరు చెప్పి పంపాడు.

అయినా పని సాగుతోందంటే అది ఆ గది పుణ్యమే. చూసేవాళ్ళకది చిందరవందర. ఆయన చేతికి మాత్రం అన్నీ అందేచోటే ఉన్నాయి. ఎడమచెయ్యి చాపితే సుత్తి. బల్ల కింద మోకాలికి తగిలేది బంక డబ్బా. మూతకు సొట్టపడిన పాలపొడి డబ్బాలో సన్నమేకులు, తుప్పుపట్టి గరగరలాడే దాంట్లో స్క్రూలు. కొలబద్ద మీద ఉలితో గాట్లు కూడా పెట్టుకున్నాడు. వడ్రంగి అన్నవాడు చెక్కను తడిమితే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? ఈ సంగతి కూతురికి తెలిసిందా, ఆ రోజుతో పనికి మంగళం పాడించేస్తుంది. పని లేకపోతే తనేమైపోతాడో తలుచుకునే ధైర్యం ఆయనకు లేదు.

"ఇదెందుకు నాన్నా?" ఏదో ఎత్తి చూపించింది కూతురు.

"ఉండనీయమ్మా, పనికొస్తుంది."

"మరి ఇది?"

"అదీ పనికొస్తుంది. నా సామాను సంగతి నాకు తెలీదా?"

"ఇది అమ్మ నెల నుంచి వెతుకుతున్న టీగ్లాసు."

లోపల మంచం మీంచి ఇల్లాలు అందుకుంది. "సరిగ్గా వెతకవే! ఆ గదిలో నా పడుచుదనం కూడా దొరుకుతుంది."

కూతురు నవ్వింది. వడ్రంగి కూడా నవ్వాననిపించుకుని, ఇక నోరెత్తితే గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాడు. ఆ పిల్ల పనిచేసేది మందుల షాపులో. దేనికైనా సరే డబ్బా, డబ్బాకో చీటీ ఉండకపోతే తోచదు. పాత డబ్బాలన్నీ ఒక్కొక్కటే గలగలమంటూ కొత్తవాటిలోకి ఖాళీ అవుతుంటే, వింటూ బస్తాలు మోశాడాయన. విరిగిన కుర్చీకోళ్ళు, ఎండిపోయిన బంక, జత తప్పిన మడతబందులు, చెక్కపొట్టు, మళ్ళీ చెక్కపొట్టు. ఎత్తేకొద్దీ దుమ్ము. మధ్యాహ్నానికే ఇద్దరి నడుములూ పడిపోయాయి. సాయంత్రానికి మాటలు కూడా లేవు. ఏదన్నా అడగాలంటే పిల్ల గొంతు పెగలడం లేదు, దగ్గు మాత్రం వస్తోంది. వారమంతా నిలబడి చేసే ఉద్యోగం, దొరికిన సెలవు కాస్తా ఇలా తగలబడిందని ఆయనకు మనసు చివుక్కుమంది.

"అమ్మకి టీ ఇచ్చి, నువ్వూ తాగిరా నాన్నా. ఈలోగా చీటీలు అంటించేస్తా" అంది చివరికి.

ఆయన తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీద బోలెడు చోటు. గోడ పొడుగునా అరల మీద తెల్లగా ఏవో వరసలు. బల్ల దగ్గరికి వెళ్ళి ఎడమచెయ్యి చాపాడు. సుత్తి లేదు, నున్నటి డబ్బా తగిలింది. దాని పక్కదీ అంతే నున్నగా ఉంది, ఆ పక్కదీ అంతే. తన గదిలో తనే దారి తప్పాడు. పిల్ల ఏమన్నా అడగకముందే తనే అందుకున్నాడు.

"అబ్బ, అద్దంలా చేశావమ్మా! పైగా ఆ రాత చూడు, ముత్యాలు పేర్చినట్టు! ఇన్ని చీటీలు ఎంత ఓపిగ్గా రాశావో!"

కిందనుంచి, గోడవారనుంచి గొంతు వినిపించింది.

"ఒక్కటీ రాయలేదు నాన్నా. ఇలా కూలబడ్డదాన్ని, మళ్ళీ లేవలేకపోయాను. చీటీలు నా ఒళ్ళోనే ఉన్నాయి."

వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

కళ్ళజోడు మర్చిపోయాననొచ్చు. లైటు సరిగ్గా లేదనొచ్చు. అలాంటివి ఆయన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. కానీ అబద్ధాలాడి ఆడి ఆయన ప్రాణం విసిగిపోయింది. వెళ్ళి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"కిందటి వానల ముందునుంచి. పోయిన చూపు ఇక రాదన్నాడు డాక్టరు. మీ అమ్మకి తెలీదు."

కూతురికి కోపం, ఏడుపు కలిసొచ్చాయని ఊపిరిని బట్టే తెలుస్తోంది. రెండింటికీ ఆ పిల్లకు ఓపిక లేదు.

"పని మానేయమనకు తల్లీ" అన్నాడు. "ఇంకేమన్నా చెప్పు, వింటాను."

ఆమె మానమనీ అనలేదు, మానొద్దనీ అనలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, బయట పారేయడానికి పెట్టిన బస్తాను ఈడ్చుకొచ్చి, పాత డబ్బాలు నేలమీద గుమ్మరించింది.

"ఏది ఎక్కడుండేదో నువ్వే పెట్టుకో. దారికి అడ్డంగా మాత్రం ఒక్క పుల్ల కూడా పెట్టనివ్వను. అమ్మకి ఇంకో కాలుంది."

మళ్ళీ మొదలుపెట్టారు. ఆమె మేకులు ఒంపి డబ్బా చేతికిస్తే, ఆయన సొట్ట తడిమి అరలో పెట్టాడు. సుత్తి, ఉలులు, బంక, కొలబద్ద, ఒక్కొక్కటీ వాటి చోటికి చేరాయి. ఇద్దరికీ చేతులు లేవడం లేదు.

అన్నీ అయ్యాక ఆమె కరెంటు రంపం తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

బరువుగా ఉంది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దానితో కోసేటప్పుడు చెక్క మీద గీసిన గీత పొగలో కలిసిపోతుంది. పళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో చప్పుడును బట్టి పోల్చుకోవాలి. స్విచ్చి ఆపిన ప్రతిసారీ ముందు వేళ్ళన్నీ ఉన్నాయో లేదో తడుముకునేవాడు. ఆ సంగతి డాక్టరుకి కూడా చెప్పలేదు.

వైరు మెల్లగా చుట్టచుట్టి, రంపాన్ని కూతురి వైపు జరిపాడు.

"ఇది నువ్వు తీసుకెళ్ళమ్మా" అన్నాడు. "నాకు భయమేస్తోంది."